కోనసముద్రపు ఉక్కు

సైనికుని నడుమున వ్రేలాడే పిస్తోలును, తుపాకి కొనను బిగించిన బాయ్నెట్టును చూచినప్పుడు మనకు పెద్ద కర్మాగారాలే జ్ఞప్తికి వస్తాయి. కాని ఆయుధానికి ప్రాణమైన ఉక్కును ఒకనాడు మన గోదావరి ఎగువ పల్లెల కమ్మరులు మూసలలో కరగించి, పారశీకదేశపు కత్తులకు అందించినారు. బొగ్గుగనుల నడుమ నివసించే రామగుండం, గోదావరిఖని శ్రోతలకు ఈ ముచ్చట మరింత దగ్గరిది.

ఆ పల్లెలలో పేరుగాంచినది నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం. లాంబ్టన్ దొర భూకొలత దళంలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను ఉండిన హెన్రీ వాయిసే అచ్చటి పనిని కన్నులార చూచి వ్రాసిన వ్యాసం 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. రెండు తావుల ఇనుమును కలిపి మూసలో నింపి, మూతి మెత్తి, కట్టెబొగ్గు కొలిమిలో పెట్టి రాత్రింబవళ్ళు వంతులవారీగా తిత్తులూదేవారు. మూసమట్టిలో వరి ఊక కలిపేవారు. వడ్లు దంచగా మిగిలిన ఆ ఊకయే అంతటి వేడికి మూసను పగులకుండ నిలిపినదంటే, ఆ కమ్మరుల బుద్ధిసూక్ష్మతను ఏమని చెప్పాలి! ఇస్ఫహాను వర్తకులు ఇంతదూరం వచ్చి, దగ్గరనుండి సరుకు చూచుకొని కొనుక్కొనిపోయేవారు.

ఈ ఉక్కులో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు. మితమైన ఎర్రని వేడిలో ఓపికగా సాగగొట్టితేనే కత్తిపై నీటి అలలవంటి చారలు తేలుతాయి. తమ ఇనుమువలెనే తెల్లగా కాచి సమ్మెట వేసిన ఐరోపా కమ్మరుల చేతిలో అది పొడిపొడిగా రాలిపోయినది. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు దీనిని పరీక్షించినాడు. వారు పెట్టిన ‘వుట్జు’ అనే పేరుకు మన ‘ఉక్కు’ వంటి మాటయే మూలమని పలువురి అభిప్రాయం. లోకం మాత్రం ఆ కత్తులను డమాస్కసు కత్తులన్నది. అంగడి పేరు నిలిచినది, కొలిమి ఉన్న ఊరి పేరు మరుగుపడినది. ఇది న్యాయమని నేననను.

మరి ఆ పని ఎందుకు ఆగినది? సేనలకు కావలసినది ఒక్క మేటి ఖడ్గం కాదు, ఒకే కొలతగల వేలాది బాయ్నెట్లు. తుపాకి కొనకు బిగించి పొడిచే బాయ్నెట్టుకు పదునుకంటె విరుగని గుణం ముఖ్యం. 1856లో బెస్సెమరు పద్ధతి వచ్చిన పిమ్మట ఉక్కు టన్నుల లెక్కన చవుకగా తయారుకాసాగినది. మూసలో పుట్టే చిన్నబిళ్ళ దానితో పోటీపడలేకపోయినది. చిత్రమేమంటే, ఆ కమ్మరులు అడవి కట్టెను బొగ్గుచేసుకొంటున్న కాలమంతా ఇదే గోదావరి లోయలో రాక్షసిబొగ్గు నేలలో పడియున్నది. విలియం కింగు దానిని ఇల్లందు ప్రాంతాన గుర్తించినది 1871లో.

2010లో బెంగుళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలను గాలించి ఈ పరిశ్రమ గుర్తులను నమోదు చేసినారు. ఇనుప చిట్టెం కుప్పలు, మూసల పెంకులు అనేక తావుల కనిపించినవి. ఆ ప్రాంతాలలో పొలం దున్నేటప్పుడు గాజువలె మెరిసే నల్లని పెంకు నాగటికి తగిలితే, రాయి అని గట్టున విసరివేయక ఒకసారి చేతికి తీసుకొని చూడండి.