పోర్ట్ లూయిస్ రేవు మెట్లు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్తే కాడన్ వాటర్‌ఫ్రంట్ దుకాణాలను త్వరగా దాటేసి, రేవు వెంట ఆప్రవాసీ ఘాట్ దాకా నడవండి. చూడ్డానికి ఆర్భాటమేమీ ఉండదు. ఇక్కడ 1849లో కట్టిన వలస కేంద్రంలో కొంతే మిగిలింది. వంటశాల, మరుగుదొడ్ల ఆనవాళ్లున్నాయి. అక్కడి 16 రాతిమెట్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాల్సిందే. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో చెరకు తోటలకు కూలీలు కావలసొచ్చారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పందం మీద ఈ దీవికొచ్చారు. ఆ మెట్లెక్కి వచ్చినవారిని ఇక్కడ నమోదుచేసి తోటలకు పంపేవారు. మన కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ మారిషస్ చేరారు. వారి వారసుల పుణ్యమా అని అక్కడ ఉగాదికి దేశమంతా సెలవే. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.