పగడపు దీవిలో బస, కోనసీమ తిన్నె మీది మంచినీరు

అంతర్వేది నుంచి కాకినాడ వరకు గల తీరంలో పగడపు దీవి ఒక్కటీ లేదు. పాలిప్ అనే అతి చిన్న జీవులు గుంపులుగా చేరి కట్టుకునే సున్నపు గూడే పగడపు దిబ్బ కాగా, ఆ జీవుల ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచుకు ఎండ అందితేనే అవి బతుకుతాయి; గోదావరి ఏటా తెచ్చే వరదనీరూ ఒండ్రూ ఆ ఎండను అడ్డుకోవడమే గాక సముద్రపు ఉప్పదనాన్ని కూడా పలుచన చేస్తాయి. అందుకే ఇక్కడ పగడానికి బదులు కోరంగి మడ అడవి, హోప్ ఐలాండ్ ఇసుక మేట ఏర్పడ్డాయి. అయినా పగడపు దీవిలో వెలిసే పర్యావరణహిత రిసార్టు మంచిచెడ్డలు తేల్చడానికి గోదావరి జిల్లాల శ్రోతలకు కావలసిన కొలబద్ద కోనసీమ నూతుల్లోనే ఉంది.

పగడపు దీవుల సముదాయమైన లక్షద్వీప్‌లోని 36 దీవుల మొత్తం వైశాల్యం సుమారు 32 చదరపు కిలోమీటర్లు; జనం నివసించేవి వాటిలో 10. నదీ వాగూ లేని ఆ నేలకు వానే ఆధారం: పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక, అడుగున ఉన్న సముద్రజలం మీద నడుమ దళసరిగా, అంచుల్లో పలుచగా, కటకం ఆకారంలో తేలుతుంది. డచ్చి దేశీయుడు గైబెన్ 19వ శతాబ్దం చివర, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లో వేసిన లెక్క ప్రకారం, సముద్రమట్టానికి పైన మీటరు మేర మంచినీరు నిలిస్తే దిగువన దాదాపు 40 మీటర్ల వరకు మంచినీరే ఉంటుంది. ఈ లెక్క తిరగబడితే మాత్రం కఠినంగా ఉంటుంది; నీరు తోడడం వల్ల పైమట్టం జానెడు తగ్గి అలాగే ఉండిపోతే, ఉప్పునీరు కాలక్రమాన తొమ్మిది మీటర్ల వరకు పైకి రాగలదు. చిన్న దీవుల్లో ఆ పైమట్టం మీటరుకు ఎంతో తక్కువే.

కోనసీమలో ఒకనాటి సముద్రపు ఒడ్డులు నేడు ఇసుక తిన్నెలై ఊళ్లనూ కొబ్బరితోటలనూ మోస్తుండగా, వాటి నడుమ పల్లంలో చవిటి నేలలు పరచుకొని ఉన్నాయి. తిన్నె మీద లోతు తక్కువ నుయ్యి మంచినీరు ఇవ్వడం, దాని పక్కనే లోతుగా దింపిన బోరు ఉప్పునీరు కక్కడం తీరగ్రామాల వారికి కొత్త సంగతి కాదు. దీవిలోనూ పనిచేసేది ఈ సూత్రమే. తేడా ఒక్కటి, అది చిన్నది కాదు: ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సాగే కాలువలు డెల్టా నేలలోకి మంచినీటిని నింపుతూ ఉంటాయి, దీవికి అటువంటి కాలువ లేదు. ఆ అండ ఉన్నా, నదిలో నీరు తగ్గే వేసవిలో పోటుతోపాటు ఉప్పునీరు గోదావరి పాయల్లోకి ఎగబాకుతుంది. దిండిలో వశిష్ఠ పాయ గట్టున బస చేసే అతిథికి చుట్టూ కనిపించే నీరంతా తాగునీరు కాదు.

కనుక వెదురు గోడలు, తాటాకు కప్పు, కొబ్బరిపీచు తివాచీ రిసార్టుకు అందమే గాని ప్రమాణం కాజాలవు. గదికి రోజుకు ఎంత నీరు ఏ నూతి నుంచి వస్తున్నదో, మరుగుదొడ్డి నీరు ఎక్కడికి పోతున్నదో అడగడమే అసలు పరీక్ష, ప్రకటనల్లో సాధారణంగా కనిపించనిదీ అదే. పగడపు ఇసుక జల్లెడలా నీటిని వదిలివేస్తుంది. శుద్ధి చేయని మురుగు ఆ దారిన అటు తాగునీటి నూతికీ, ఇటు దిబ్బ లోపలి లోతు తక్కువ సముద్రపు మడుగుకూ చేరి, అందులోని నత్రజని వల్ల నాచు విపరీతంగా పెరిగి, అతిథులు చూడవచ్చిన పగడంతోనే కాంతి కోసం పోటీ పడుతుంది.

నూతి మీద భారం తగ్గించే ప్రయత్నంగా చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చే కేంద్రం నెలకొల్పింది. ఉపరితలపు గోరువెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరిగా మార్చి, వందల మీటర్ల లోతు నుంచి పైకి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని తిరిగి నీరుగా చేయడం అక్కడి పద్ధతి. ఇందులో రసాయనాల అవసరం తక్కువ, కాని పంపులకు కరెంటు కావాలి. లక్షద్వీప్‌లో కరెంటు చాలాకాలంగా ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తున్నది, ఆ డీజిల్ ప్రధాన భూభాగం నుంచి సముద్రం దాటి రావలసిందే. సౌరఫలకాలు డీజిల్ వాటాను తగ్గించే మేరకే అతిథి స్నానపు నీటి ఖర్చు దీవి భరించగలిగేదవుతుంది.