వంటయింటిలో అగార్ పళ్ళెము

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరాదని మన యిండ్లలో పిల్లలకు సైతము తెలియును. పాలు తోడుకొనుటకు నిన్నటి పెరుగు ఒక్క చెంచాడు చాలుననియు తెలియును. ఈ రెండు సంగతులను కలిపి చూచినచో నేటి ప్రసంగవిషయము సగము బోధపడినట్లే. కోరిన జీవిని ఒక్కదానిని నాటి, కోరనివానిని దరిజేరనీయకుండుటయే అగార్ పళ్ళెముపై జరుగు పని.

పుట్టగొడుగుల పెంపకము కుటీరపరిశ్రమగా వ్యాపించిన పిదప, ఈ పనిని ఇంటనే నేర్వవలెనను కోరిక పలువురికి కలుగుచున్నది. నేర్వవచ్చును. ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఐతే శుభ్రత వేరు, నిర్జీవత వేరు అను భేదమును ముందుగా గుర్తింపవలెను. తోమి, కడిగి, యెండబెట్టిన గిన్నె శుభ్రమైనదే. కాని బూజులయొక్కయు బాక్టీరియాలయొక్కయు సిద్ధబీజములు దానిపై ఎన్నియో ఉండవచ్చును. వానిలో కొన్ని నీరు మరగు 100 డిగ్రీల వేడిమికి కూడ చావవు. 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట ఉంచినచో చచ్చును. చదరపు అంగుళమునకు 15 పౌనుల ఒత్తిడిలో ఆవిరికి ఆ వేడిమి వచ్చును. ఇంటి ప్రెషర్ కుక్కరు సుమారుగా ఆ ఒత్తిడికే పనిచేయును గనుక, ప్రయోగశాలలోని ముఖ్యయంత్రము మన పొయ్యిమీదనే ఉన్నదన్నమాట.

అగార్ అనగానే అగరువత్తి జ్ఞప్తికి రావచ్చును. దానికిని దీనికిని చుట్టరికము లేదు. ఇది సముద్రపు నాచునుండి తీయు పదార్థము. మిఠాయిలకు, జెల్లీలకు వాడు చైనా గ్రాస్ ఇదియే. మన పొరుగున మన్నారు సింధుశాఖలో కూడ దీనికి పనికివచ్చు నాచు దొరకును. శాస్త్రమునకు దీనిని అందించినది ఒక గృహిణి. బెర్లినులో రాబర్ట్ కాక్ వద్ద పనిచేయుచుండిన వాల్టర్ హెస్సేకు వేసవిలో జెలటిను కరగిపోవుట పెద్ద చిక్కైనది. ఆయన భార్య ఫానీ హెస్సే తన వంటకములలో వాడు అగార్‌ను 1881లో సూచించినది. మరుసటి సంవత్సరము కాక్ తన క్షయ పరిశోధనాపత్రములో అగార్‌ను పేర్కొనెను గాని, ఆ దంపతుల పేరెత్తలేదు. ఒకసారి గడ్డకట్టిన అగార్ 85 డిగ్రీలు దాటినగాని కరగదు. రెంటచింతల యెండలును దానిని కదల్పజాలవు.

ఇక వంటకమునకు వత్తము. యాభై గ్రాముల బంగాళాదుంప ముక్కలను ఉడికించి, ఆ నీటిని వడకట్టి, పావు లీటరునకు సరిపుచ్చవలెను. అందులో 5 గ్రాముల గ్లూకోజు, 5 గ్రాముల అగార్ పొడి కలిపి, సీసాలో సగమువరకే పోసి, దూదితో బిరడా వేసి, పైన కాగితము కట్టవలెను. కుక్కరు ఆవిరిని బాగుగా వెడలగ్రక్కిన పిదప బరువు నుంచి, సన్నని సెగపై ఇరువది నిమిషములకు తగ్గకుండ ఉంచవలెను. ఈలలు లెక్కించుట పప్పునకు చాలును. ఇచ్చట గడియారమే ప్రమాణము. ఒత్తిడి తనంతట తాను దిగువరకు మూత ముట్టరాదు. తొందరపడినచో ద్రవము పొంగి దూది తడియును. తడిసిన దూది సూక్ష్మజీవులకు రాజమార్గము.

గాజు పళ్ళెములనైనచో కాగితములో చుట్టి కుక్కరులోనే శుద్ధిచేయవచ్చును. అంగడిలో దొరకు పలుచని ప్లాస్టిక్కు పళ్ళెములు శుద్ధిచేయబడియే వచ్చును. వానిని కుక్కరులో పెట్టిన ముద్దయగును. సీసాను చేతితో ఓర్చి పట్టుకొనగలిగినంత చల్లారినపుడు పోయవలెను. మరీ వేడిగా పోసినచో మూతకు నీటిబొట్లు పట్టి పళ్ళెముపై రాలును. ఆ సమయమున పంకా ఆపవలెను, కిటికీలు మూయవలెను, మాటలు మానవలెను. పారదర్శకమైన ప్లాస్టిక్కు తొట్టిని బోర్లించి, చేతులు దూర్చుటకు రెండు రంధ్రములు చేసినచో గాలి కదలని పెట్టె సిద్ధమగును. తుడిచిన స్పిరిటు పూర్తిగా ఆరినగాని దరిదాపుల దీపము వెలిగింపరాదు. పెట్టె లోపల దీపము పెట్టనే రాదు.

మొదటి విడతలో ఏమియు నాటవద్దని నా సలహా. ఇది పలువురకు రుచింపదు, ఖాళీ పళ్ళెములను చూచుటకా యింత శ్రమ అందురు. కాని కొన్నిటిని మూత తీయక, ఒకదానిని పెట్టెలో పది నిమిషములు తెరచి, మరొకదానిని వంటయింటిలో అంతసేపే తెరచి, అన్నిటికిని పేరు, తేదీ వ్రాసి, అంచులకు అంటుపట్టీ వేసి, వారము దినములు బోర్లించి యుంచుడు. మూత తీయనిదానిలో అగార్ గర్భమున చుక్కలు కనబడినచో ఉడికించుట చాలలేదనియు, పైభాగముననే కనబడినచో పోయునపుడు గాలినుండి పడినవనియు ఊహింపవచ్చును. ఏమియు మొలవని పళ్ళెము చేతిలో లేనివానికి, రేపు మొలచినది తాను నాటినదో గాలి నాటినదో తెలియు మార్గము లేదు. అట్టి పళ్ళెమునుండి విత్తనము తయారుచేసి సంచులకొలది గడ్డిలో కలిపినచో, కష్టమును పెట్టుబడియు ఆకుపచ్చని బూజు పాలగును.

ఖాళీ పళ్ళెములు ఖాళీగా నిలిచిన పిదప, తాజా ముత్యపుచిప్ప పుట్టగొడుగు నొకదానిని నిలువునా చీల్చుడు. బయటి గాలి సోకని లోపలి కండను, ఎఱ్ఱగా కాల్చి చల్లార్చిన కత్తిమొనతో బియ్యపుగింజంత తీసి, మూతను ఓరగా ఎత్తి, నడుమ ఉంచవలెను. కొలది దినములలో తెల్లని నూలువంటి తంతువులు గుండ్రముగా వ్యాపించును. జిగురు చుక్కలుగాని ఆకుపచ్చ, నలుపు మచ్చలుగాని కనబడినచో ఆ పళ్ళెమును విడువవలసినదే.

పిల్లలు ఉత్సాహముతో నోటి ఉమ్మి, పుండు రసి, మురుగునీరు నాటి చూతమందురు. కూడదు. రోగకారకములను కోట్లకొలది పెంచుట యింట చేయదగిన పని కాదు. తెలియని జీవులు మొలచిన పళ్ళెములకు వేసిన పట్టీని ఊడదీయరాదు, వాసన చూడరాదు. పని ముగిసిన పిదప వానిని, పట్టీతోనే, వేడికి ఓర్చు సంచిలో ఉంచి కుక్కరులో మరల అరగంట ఉడికించి పారవేయవలెను. ఆ కుక్కరును ఈ పనికే ప్రత్యేకించుడు. అన్నము వండు కుక్కరు వేరుగా ఉండవలెను.