తేదీ ఉన్నవారి పండుగ



ఒక ఉపాధ్యాయుని జయంతినాడు ఆయన పేరున జరిగే సభ ఇది. అందుకే పుట్టినరోజు వేడుక ఎలా పుట్టిందో మాట్లాడదలచాను. చాలాకాలం పాటు తేదీ రాసిపెట్టుకోగలిగిన వాళ్లకే పుట్టినరోజు ఉండేదన్నది నా వాదన.

పాత గ్రంథాల్లో కనిపించేవి ఎక్కువగా రాజుల పుట్టినరోజులే. బైబిల్ ఆదికాండంలో ఫరో జన్మదినాన విందు చేసి, ఒక సేవకుడికి కొలువు తిరిగి ఇచ్చాడు, మరొకడికి మరణశిక్ష వేశాడు. బైబిల్లోనే పాలకుడు హేరోదు జన్మదిన విందు బాప్తిస్మమిచ్చు యోహాను ప్రాణం తీసింది. పారశీకులు ఏడాదిలో అన్ని రోజులకన్నా తమ పుట్టినరోజునే గొప్పగా చేసుకుంటారని, కలిగినవారు ఎద్దునో ఒంటెనో మొత్తంగా కాల్చి వడ్డిస్తారని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

నా మనసు నిలిచిపోయేది మాత్రం ఒక చిన్న చెక్క పలక దగ్గర. ఉత్తర ఇంగ్లండులో విండోలాండా అనే రోమన్ కోట ఉంది. 1973 నుంచి అక్కడి తవ్వకాల్లో సిరాతో రాసిన పలుచని పలకలు వందలాదిగా బయటపడ్డాయి. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతపు ఉత్తరం. క్లాడియా సెవేరా అనే సైనికాధికారి భార్య, మరో అధికారి భార్య సుల్పీసియా లెపిడినాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని పిలుస్తోంది. నువ్వొస్తేనే ఆ రోజుకు కళ అంటుంది. ఉత్తరమంతా రాయసగాడు రాశాడు. చివరి నాలుగు ముక్కలు ఆమె స్వహస్తం. లాటిన్‌లో స్త్రీ చేతిరాతగా మనకు మిగిలిన అతి పాతవాటిలో అది ఒకటి. పుట్టినరోజు చరిత్రలో ఏ రాజు విందు కన్నా నాకు ఈ పిలుపే గొప్పది.

ఇప్పటి వేడుకలోని కొవ్వొత్తుల కేకు 18వ శతాబ్దపు జర్మనీ నుంచి వచ్చింది. పుట్టినరోజు పాట రాగం అమెరికాలోని లూయివిల్‌లో హిల్ అక్కచెల్లెళ్లు బడిపిల్లల కోసం కట్టి 1893లో అచ్చువేసిన పలకరింపు పాటది.

మన ఇళ్లలో సంప్రదాయం పాటించేవారు తిథి, నక్షత్రం చూసుకుంటారు. తలంటు, కొత్త బట్టలు, పరమాన్నం, పెద్దల అక్షింతలు ఉంటాయి. చిరంజీవులను, మార్కండేయుణ్ణి తలచుకుని నువ్వులు, బెల్లం కలిపిన పాలు అరదోసెడు తాగడం పాత ఆచారం. కానీ జాతకం రాయించుకోగలిగిన ఇళ్లెన్ని? మిగతావారికి పుట్టుక అంటే తుఫాను వచ్చిన ఏడు, కరువు పడిన ఏడు. బడిలో చేర్చేనాడు మాస్టారు వేసిన తేదీయే జీవితాంతం వారి పుట్టినరోజైంది. జూలై 1న పుట్టినట్టు రికార్డుల్లో ఉన్న పెద్దలు మన ఊళ్లలో ఎందరో! ఆ లోటును నేను చిన్నదిగా చూడలేను. తాను వచ్చిన రోజు తెలియకుండా మనిషి వెళ్లిపోవడం అన్యాయమే.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రతి పుట్టుకా రికార్డుకెక్కాలంటుంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో తెలియజేస్తే రుసుము లేదు. విద్యార్థులారా, మీ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ నమోదయ్యేలా చూడండి. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో తేదీ లేకపోతే, ఏ పంట కాలమో, ఏ పండుగ ముందో అడిగి రాసుకోండి. వాళ్లకు నచ్చిన రోజు ఒకటి ఎంచి, ఈ ఏడే పరమాన్నం వండి పెట్టండి.