హద్దు గల నష్టము – హద్దు లేని నష్టము

(భిలాయి, నెహ్రూ నగర్: తెలుగు ఉద్యోగులను, వారి కుటుంబములను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



నెలజీతముపై జీవించు కుటుంబమునకు ధనవిషయమున రెండు ప్రశ్నలు ముఖ్యములు. ఎంత వచ్చును అనునది మొదటిది. ఎంత పోవచ్చును అనునది రెండవది. మొదటి ప్రశ్న అడుగువారు ఎందఱో కలరు. రెండవ ప్రశ్నను ముందుగా అడుగువారు కొలదిమంది. షేరు బజారులోని ఆప్షన్ల బేరము నేడు చేతిలోని ఫోనుతోనే నడచుచున్నందున, చదువుకొను పిల్లలు మొదలు పింఛనుదారుల వరకు దానియందు ప్రవేశించుచున్నారు. ఆ బేరమున నష్టమునకు హద్దు కట్టు ఉపాయమునకు స్ప్రెడ్ అని పేరు. ఆ ఉపాయము ఎంతవరకు కాపాడును, ఎచ్చట కాపాడజాలదు అనునదియే ఈ ప్రసంగ విషయము.

ఆప్షన్ అనగా హక్కు. నెహ్రూ నగర్ లో ఒక గృహస్థు 60 లక్షల వెలగల ఇల్లు కొనదలచెననుకొనుడు. మూడు నెలలలోగా ఆ వెలకే కొను హక్కు తనకుండునట్లు అతడు 50 వేల రూపాయలు బయానా యిచ్చెను. పూర్వులు దీనినే సంచకరువు అనెడివారు. వెల 70 లక్షలకు పెరిగినను అతనికి ఇల్లు 60 లక్షలకే దక్కును. వెల తగ్గినచో బయానా వదలుకొని తప్పుకొనవచ్చును. అతనికి పోవునది 50 వేలు మాత్రమే. కొను హక్కును కాల్ అనియు, అమ్ము హక్కును పుట్ అనియు, ఆ హక్కుకై చెల్లించు సొమ్మును ప్రీమియం అనియు బజారులో వ్యవహరింతురు.

ఇక బయానా పుచ్చుకొన్నవాని సంగతి చూడవలెను. అతనికి ఇల్లే లేదనుకొనుడు. 50 వేలకు ఆశపడి, లేని యింటిని 60 లక్షలకు ఇచ్చెదనని మాట యిచ్చెను. వెల 70 లక్షలైనచో అతడు అంత వెలపెట్టి కొని 60 లక్షలకే ఇయ్యవలెను. బయానా పోను 9,50,000 రూపాయలు నష్టము. వెల 80 లక్షలైనచో నష్టము మరి పది లక్షలు పెరుగును. వచ్చునది 50 వేలు. పోవుదానికి హద్దు లేదు.

అతడే కొంత వివేకియై, అట్టి ఇల్లు గల వేరొకరికి 20 వేలు బయానా చెల్లించి, 63 లక్షలకు కొను హక్కు సంపాదించియుండినచో, వెల ఎంత పెరిగినను 63 లక్షలకు కొని 60 లక్షలకు ఇచ్చును. మిగిలిన 30 వేలు పోను అతని నష్టము 2,70,000 దాటదు. అతని లాభము 50 వేల నుండి 30 వేలకు తగ్గినది. దానికి బదులుగా నష్టమునకు గోడ ఏర్పడినది. ఒక హక్కును అమ్మి, మరియొక హక్కును కొని, రెంటిని జతపరచుటయే స్ప్రెడ్.

షేరు బజారులో ఇది ఎట్లు నడచునో ఒక కల్పిత లెక్కతో చూపవచ్చును. ఒక షేరు వెల 1,000 రూపాయలు. ఒక లాటుకు 500 షేర్లు. వెల కొంత పెరుగునని తలచినవాడు 1,000 రూపాయల కాల్ ను షేరుకు 40 చొప్పున కొని, 1,050 రూపాయల కాల్ ను 18 చొప్పున అమ్మెను. నికరముగా చెల్లించినది షేరుకు 22, లాటుకు 11,000. గడువునాటికి వెల 1,000కి దిగువనున్నచో ఆ 11,000 పోవును. అంతకు మించి పోదు. వెల 1,022 వద్ద లాభనష్టములు లేవు. 1,050గాని అంతకు పైగాని యున్నచో లాభము 14,000. వెల 1,200కు పోయినను అంతే. ఒక్క కాల్ మాత్రమే కొనియుండినచో 20,000 పోగొట్టుకొనుటకు సిద్ధపడవలసివచ్చెడిది. 1,050 కాల్ ను ఒంటరిగా అమ్మినవాడు 9,000కై ఆశపడి, వెల 1,150కి చేరినప్పుడు 41,000 నష్టపోవును.

రెండవ రకపు స్ప్రెడ్ లో సొమ్ము ముందే చేతికి వచ్చును. అదే షేరుపై 1,000 రూపాయల పుట్ ను 36కు అమ్మి, 950 రూపాయల పుట్ ను 16కు కొన్నచో, లాటుకు 10,000 వచ్చును. వెల 1,000కి తగ్గనంతవరకు ఆ సొమ్ము తనదే. 950కి దిగజారినచో నష్టము 15,000. ఐదుమార్లలో మూడుమార్లు గెలిచి రెండుమార్లు పూర్తిగా ఓడినచో, వచ్చిన 30,000 పోయిన 30,000కు సరిపోవును. దళారి రుసుము, పన్నులు ఇంటి సొమ్ము నుండి పోవును. వరుసగా నాలుగు నెలలు గెలిచినవాడు ఈ లెక్క మరచును. స్ప్రెడ్ నష్టపు పరిమాణమును తగ్గించునే గాని, గెలుపు అవకాశమును పెంచదు. ఆ అవకాశములు ప్రీమియం వెలలోనే చాలవరకు లెక్కింపబడియుండును.

ఈ గోడలో సందులు కూడ కలవు. మొదటిది: నష్టము తక్కువ కాబట్టి స్ప్రెడ్ కు బజారువారు అడుగు హామీ సొమ్మును తగ్గింతురు. అది చూచి ఒక లాటు వేయవలసినవాడు పది లాట్లు వేయును. అప్పుడు 11,000 కాదు, 1,10,000 పోవును. రెండవది: లాభము కనబడినదని కొన్న హక్కును ముందుగా అమ్మివేసినచో, అమ్మిన హక్కు ఒంటరిగా మిగులును, హద్దు పోవును. కావున ప్రవేశించునప్పుడు కొనుటయు, బయటపడునప్పుడు అమ్మినదానిని తీర్చుటయు ముందు జరుగవలెను. మూడవది: 2019 అక్టోబరు నాటికి కంపెనీ షేర్ల ఆప్షన్లన్నియు షేర్లనే ఇచ్చిపుచ్చుకొను పద్ధతికి మారినవి. పై మొదటి ఉదాహరణములో గడువునాడు వెల 1,030 వద్ద నిలిచినచో, కొన్న కాల్ మాత్రమే పనికివచ్చును. అప్పుడు 500 షేర్లను 5 లక్షల రూపాయలిచ్చి పుచ్చుకొనవలసివచ్చును. 11,000 మాత్రమే పోవునని ప్రవేశించినవానికి 5 లక్షలు చూపవలసిన దినము రాగలదు. కాబట్టి గడువునకు ముందే రెంటిని ముగించుట క్షేమము. నిఫ్టీ వంటి సూచికల ఆప్షన్లలో రొక్కపు తేడా మాత్రమే చెల్లును.

హద్దు లేని బేరము గొప్ప సంస్థలనే కూల్చినది. 1762లో స్థాపితమైన బేరింగ్స్ అను లండను బ్యాంకు తరఫున సింగపూరులో పనిచేయుచుండిన నిక్ లీసన్, జపాను నిక్కీ సూచికపై కాల్ లను, పుట్ లను రెంటిని అమ్మియుండెను. బజారు కదలకున్న లాభము, కదలిన నష్టము. 1995 జనవరి 17న కోబే భూకంపము సంభవించెను. పోయినదానిని రాబట్టుటకై అతడు మరింత కొనుచుపోయెను. చివరకు 82 కోట్ల పౌండ్లకు పైగా నష్టమై, ఫిబ్రవరిలో ఆ బ్యాంకు కూలిపోయి ఒక్క పౌండుకు అమ్ముడుపోయెను.

భారతదేశమున ఈ బేరముల చరిత్ర చిత్రమైనది. బొంబాయి బజారులో వీనికి తేజీ, మందీ అని పేర్లు. భిలాయి కర్మాగారమునకై 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము కుదిరిన మరుసటి యేడే, 1956 నాటి సెక్యూరిటీల ఒప్పందముల చట్టము షేర్లపై ఆప్షన్లను నిషేధించెను. సరుకులపై ఆప్షన్లకు 1952 నాటి చట్టమే అడ్డుకట్ట వేసియుండెను. షేర్లపై నిషేధము 1995లో తొలగెను. 2001 జూన్ లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి నిఫ్టీ ఆప్షన్లను ప్రారంభించెను.

ఫలితమేమి? సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021–22 నుండి 2023–24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరము చేసిన కోటిమందికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. తలకు సగటున సుమారు 2 లక్షలు. 2023–24లో రుసుములు, పన్నులు మున్నగు ఖర్చులకే ఒక్కొక్కరు సగటున 26,000 చెల్లించిరి. నష్టపోయినవారిలో ముప్పాతికమందికి పైగా బేరము మానలేదు. 2025 జులైలో వెలువడిన లెక్కలో కూడ నష్టపోయినవారు నూటికి 91 మంది. సెబీ 2024 అక్టోబరులో నియమములను బిగించి, సూచిక ఒప్పందముల కనీసపు విలువను 15 లక్షలకు పెంచెను. వారపు గడువులను ఒక్కొక్క ఎక్స్ఛేంజికి ఒక సూచికకే పరిమితము చేసెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగికి లెక్కకంటె ముందు చూడవలసినది మరొకటి కలదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమములలో 16వ నియమము, ఉద్యోగి షేర్లలోగాని ఇతర పెట్టుబడులలోగాని స్పెక్యులేషన్ చేయరాదని శాసించుచున్నది. అనుమతి గల దళారుల ద్వారా అప్పుడప్పుడు చేయు పెట్టుబడికి అడ్డు లేదు. మాటిమాటికి కొనుట, అమ్ముట మాత్రము స్పెక్యులేషన్ గానే యెంచబడును. వారము వారము స్ప్రెడ్ వేయు ఉద్యోగి నష్టమునకు హద్దు కట్టుకొన్నానని సంతసింపవచ్చును. కాని ఉద్యోగమునకు కలుగు అపాయమునకు ఆ హద్దు వర్తింపదు. ఉద్యోగి కర్తవ్యమునకు ఇబ్బంది కలిగించు పెట్టుబడులను కుటుంబసభ్యులచేత చేయనిచ్చుట కూడ అదే నియమమున నిషిద్ధము. ప్రభుత్వరంగ సంస్థలవారు తమ తమ సంస్థల ప్రవర్తన నియమములను ముందుగా చదువుకొనవలెను.

ఉద్యోగము లేని కుమారుడో, విశ్రాంతి పొందిన తండ్రియో ఈ బేరమును అభ్యసింపగోరినచో, ఇంటివారు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. అన్నియు ప్రతికూలించిన ఎంత పోవును? ఆ అంకె కాగితముపై వ్రాయబడినదా? ఆ సొమ్ము ప్రావిడెంటు ఫండు నుండిగాని, గ్రాట్యుటీ నుండిగాని, అప్పు నుండిగాని వచ్చినదా? పోయిన పిమ్మట దానిని రాబట్టుటకు మరల వేయకుండ నిలువగలడా? మొదటి ప్రశ్నకు స్ప్రెడ్ సమాధానము చెప్పగలదు. తక్కిన మూడింటికి ఆ యింటివారే చెప్పవలెను. సమాధానము దొరకనిచో ఆ సొమ్మును తపాలా కార్యాలయపు పొదుపులోనో, బ్యాంకు డిపాజిట్టులోనో ఉంచుటయే ఆ కుటుంబమునకు మేలు.