సవారి బండి – సరకు బండి

మా నాన్నగారు అంబాసిడరు కారును మెచ్చినవారు. మా తమ్ముడు పికప్ బండిని నమ్ముకొని వ్యవసాయము చేయుచున్నాడు. పండుగనాడు అందరమూ కలిసినప్పుడు వీటిలో ఏది మంచి బండి యను వాదము మా ఇంట తప్పదు. “ఆనాటి ఇనుము ఆనాటిదే” నని నాన్నగారందురు. “ఆ కారులో మిరప టిక్కీలెన్ని పట్టును?” అని తమ్ముడడుగును. ఇద్దరి మాటలోను నిజమున్నది. ఇద్దరి యందును కొంత పొరపాటున్నది.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాగా హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో అంబాసిడరును తయారుచేసిరి. 1957లో మొదలైన ఆ నిర్మాణము 2014లో ఆగిపోయినది. నడుమ ఇంజనులు మారినవి గాని, ఆ గుండ్రని ఆకారము అంతగా మారలేదు. మంత్రిగారి వాకిట నున్నదీ, అద్దెకార్ల వరుసలో నిలిచినదీ ఆ కారే. దానికి విడిగా చట్రము లేదు. కొన్ని ఇండ్లకు గోడలే ఆధారమైనట్లు, రేకుతో కట్టిన శరీరమే దానికి బలము. విశాలమైన సీట్లు, మెత్తని నడక. మనుష్యుల సుఖమునకై పుట్టిన బండి యది.

పికప్ బండి కట్టుబాటు వేరు. బొలెరో పికప్ వంటి దానిని చూడుడు. నిచ్చెన వలె రెండు పొడవైన ఇనుప దూలములు, వాటి నడుమ అడ్డపట్టీలు. ఆ చట్రము మీద ముందు డ్రైవరు గది, వెనుక సరకు తొట్టి వేర్వేరుగా బిగింపబడును. వీనిలో 1,700 కిలోలు, అనగా 17 క్వింటాళ్ళు, మోయు రకము కూడ కలదు. అంత బరువునకు తగినట్లు వెనుక కమానుపట్టీలు బిగువుగా నుండును. అందుచేత నిండు బరువుతో నిలకడగా సాగు బండి, ఖాళీగా పోవునపుడు గుంట గుంటకు ఎగిరిపడును. అది లోపము కాదు, సరకు బండి లక్షణము.

ఇక నాన్నగారి పొరపాటు. రేకు మందముగా నున్నంత మాత్రమున ప్రాణమునకు రక్ష యనుకొనరాదు. ఢీకొన్నప్పుడు బండి నలుగక పోయినచో ఆ తాకిడి లోపలి మనిషికి తగులును. నేటి కార్లలో ముందుభాగము నలిగి దెబ్బను మ్రింగునట్లును, మనుష్యులు కూర్చుండు గది చెక్కుచెదరకుండునట్లును నిర్మించెదరు. బెల్టు, గాలిసంచి దానికి తోడు.

తమ్ముని పొరపాటు ఇంతకంటె పెద్దది. మిరపకోతల రోజులలో తెల్లవారకమునుపే కూలీలను ఆ తొట్టిలో నిలువబెట్టి చేనికి తీసుకొనిపోయెడివాడు. టిక్కీలను త్రాళ్ళతో కట్టినచో కదలవు. నిలుచున్న మనుష్యులను దేనితో కట్టగలము? మలుపు వచ్చినప్పుడు అందరూ ఒక ప్రక్కకు ఒరుగుదురు; వారి బరువు ఎత్తున నుండుటచే బండి కూడ ఒరుగును. ఒకనాడు బండి గుంటలో పడి ఎగిరినది. వెనుకనున్న ముసలమ్మ చేయి విరిగినది. ఆ కోతకాలమంతయు ఆమె పనికి పోలేదు. నాటినుండి తమ్ముడు కూలీలకు వేరుగా ఆటో మాట్లాడుచున్నాడు. ఖర్చు పెరిగినదని గొణుగును గాని, మానలేదు.

పండుగ వాదము నేటికిని తెగలేదు. అయితే ఈసారి నాన్నగారే, “పోనీ, టిక్కీలు నీ బండిలో, మనుష్యులు నా కారులో” అనిరి. తమ్ముడు కాదనలేదు. మీ ఇంట ఏ బండి యున్నను, దానిని దేనికై నిర్మించిరో, దానిమీద ఏమి ఎక్కించుచున్నారో ఒకసారి సరిచూచుకొనుడు.