ప్రశ్న అడిగే పదవి



1988 ఫిబ్రవరి 25న పృథ్వి క్షిపణి తొలిసారి నింగికి లేచింది మన తీరంలోని శ్రీహరికోట నుంచే. 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లిన ఆ ఊరు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ ప్రయోగం మాట వస్తే కలాం గారినీ, హైదరాబాదు క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తలనూ తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. కానీ దాని మూలం అయిదేళ్ల ముందు ఢిల్లీలో ఒక మంత్రి అడిగిన ప్రశ్నలో ఉంది. క్షిపణులను దశలవారీగా తయారుచేస్తామని శాస్త్రవేత్తలు ప్రతిపాదన తీసుకెళ్లారు. అన్నిటినీ కలిపి ఒకే కార్యక్రమంగా ఎందుకు చేపట్టకూడదన్నది ఆనాటి రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్ వారి ముందుంచిన ఆలోచన. కలాం తన ఆత్మకథలో ఈ సంగతి చెప్పారు. 388 కోట్ల రూపాయలతో 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం అలా రూపుకట్టింది. వెంకట్రామన్ వృత్తిరీత్యా న్యాయవాది, కార్మిక సంఘాల మనిషి. రాకెట్ల లెక్కలు ఆయనకు రావు. అయినా నిపుణులు తమకు తాము గీసుకున్న గీతను దాటించింది ఆయనే. రక్షణ మంత్రికి ఉన్నవి రెండే పనులని నేను నమ్ముతాను: జనం తరఫున సైన్యాన్ని అడగడం, సైన్యం తరఫున జనానికి జవాబు చెప్పడం.

ఈ పదవి మనకు తేరగా రాలేదు. బ్రిటిష్ కాలంలో వైస్రాయి మండలిలో సర్వసైన్యాధిపతితో పాటు సైనిక సభ్యుడు కూడా ఉండేవాడు. ఆ రెండో మనిషి తనకు అడ్డమని సర్వసైన్యాధిపతి కిచెనర్ పట్టుబట్టాడు. లండన్ అతని పక్షాన నిలవడంతో 1905లో వైస్రాయి కర్జన్ రాజీనామా చేశాడు. సైన్యాన్ని నడిపేవాడూ, దాని పద్దులు తనిఖీ చేసేవాడూ ఒక్కడే అయ్యాడు. ఫలితం పదకొండేళ్లకు తేలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 ఏప్రిల్‌లో మెసొపొటేమియాలోని కుట్ పట్టణంలో సుమారు 13,000 మంది సైనికులు తుర్కులకు లొంగిపోయారు. వారిలో ఎక్కువ మంది భారతీయులే. గాయపడినవారికి మందులు లేవు, తరలించడానికి పడవలు లేవు. విచారణ జరిపిన కమిషన్, ఆ రెండు బాధ్యతలూ యుద్ధకాలంలో ఒక్క మనిషి మోయగలిగినవి కావని 1917లో తేల్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు, ఈ తీరానికి రక్షణ ఏదని నిలదీయడానికి మన ఓటుతో గెలిచిన రక్షణ మంత్రి ఎవరూ లేరు. 1946 సెప్టెంబరులో తాత్కాలిక ప్రభుత్వంలో బల్దేవ్ సింగ్ రక్షణ శాఖ చేపట్టాకే సైన్యం ఒక ప్రజాప్రతినిధి ఎదుటికి వచ్చింది.

సైన్యం సంగతి తెలియనివాడు సైన్యాన్ని ఎలా నడుపుతాడని అడుగుతారు. చైనా చేతిలో ఓడిన 1962నే సాక్ష్యంగా చూపుతారు. ఆ సాక్ష్యాన్ని నేను తోసిపుచ్చను. అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ హయాంలో సైన్యాధ్యక్షుడు తిమ్మయ్య 1959లోనే రాజీనామా ఇచ్చి, నెహ్రూ నచ్చజెబితే వెనక్కి తీసుకున్నారు. అది చాలా పెద్ద హెచ్చరిక, పెడచెవిన పడింది. కానీ మీనన్ తప్పు ప్రశ్నలు అడగడంలో లేదు, వచ్చిన జవాబులు వినకపోవడంలో ఉంది. ఆయన తర్వాత వచ్చిన వై.బి. చవాన్ కూడా న్యాయవాదే. 1965 సెప్టెంబరు 1న ఛంబ్ వద్ద పాకిస్తాన్ ట్యాంకులు చొచ్చుకొస్తుంటే, వాయుసేనను దింపేందుకు ఆయన నిమిషాల్లో అనుమతి ఇచ్చారు. తెలియకపోవడం ఇద్దరికీ సమానమే, వినడంలోనే తేడా. మరో మాట: యుద్ధం ముగియకముందే, 1962 నవంబరు 7న, మీనన్ మంత్రివర్గం నుంచే వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆయనను దించింది సొంత పార్టీ సభ్యుల నిలదీతే. కిచెనర్‌ను అలా దించగల సభ ఈ దేశంలో ఉండేది కాదు.

అసలు నిర్ణయాలన్నీ ప్రధాని దగ్గరే జరుగుతాయి, ఈ పదవి అలంకారం అనేవారూ ఉన్నారు. మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 1985లో ఆయన రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో రక్షణ మంత్రి. ప్రధాని అయ్యాక, 1993లో శరద్ పవార్ మహారాష్ట్రకు వెళ్లిపోతే, 1996 దాకా ఆ శాఖను తన వద్దే ఉంచుకున్నారు. నెహ్రూ, ఇందిర కూడా కొంతకాలం అలాగే చేశారు. పీవీ మేధస్సు మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఆ మూడేళ్ల ఏర్పాటు సరైంది కాదనే అంటాను. ప్రధానే రక్షణ మంత్రి అయితే ప్రధానిని 'ఇది ఎందుకు?' అని అడిగే మనిషి మంత్రివర్గంలో ఒకరు తగ్గుతారు. అది కుట్ నేర్పిన పాఠమే. అలంకారమనే ఆ మాట పదవి అక్కర్లేదని రుజువు చేయదు. దాన్ని ఖాళీ చేస్తే ఏమవుతుందో చెబుతుంది.

రహస్యం పేరుతో జవాబు దాటవేయవచ్చు కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. 1962 ఓటమిపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. ఆయుధాల వివరాలు దాచాలి, ఒప్పుకుంటాను. అరవై ఏళ్ల నాటి పొరపాట్లు దాచడం వల్ల శత్రువు నష్టపోయేదేమీ లేదు. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇచ్చిన జనానికి ఆ మాత్రం హక్కుంది.

ఆ హక్కు ఢిల్లీకి మాత్రమే సంబంధించిందని అనుకోకండి. 2008లో ముంబయిపై దాడి చేసినవారు ఒక చేపల పడవను స్వాధీనం చేసుకుని వచ్చారు. ఆ తర్వాత మన తీరంలోని మైపాడు, జువ్వలదిన్నె మత్స్యకారులు కూడా కాపలా ఏర్పాటులో భాగమయ్యారు. ఒడ్డుకు దగ్గరి నీళ్లు రాష్ట్ర మెరైన్ పోలీసులు చూస్తారు. ఆ పైన కోస్ట్ గార్డ్, అంతకు అవతల నౌకాదళం. చివరి రెండూ రక్షణ మంత్రి కిందివే. వేటకు వెళ్లిన పడవ తిరిగి రాకపోతే ఏ గస్తీ ఓడ ఎంతసేపట్లో కదిలిందో అడిగే దారి ఉంది. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20. వంతు వచ్చిన ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ చెప్పాలి. ఆ జవాబు అచ్చై రికార్డులో ఉంటుంది. మీ ఎంపీకి ఆ ప్రశ్న రాసి పంపడానికి కావలసిన చదువు, ఈ రోజు అందుకుంటున్న పట్టాతో మీకు వచ్చేసింది.